చివరి పేజీలో ఆమె క్షమించింది

పెద్దాసుపత్రి రక్తపరీక్షల విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్ద డాక్టరు నుంచి గచ్చు తుడిచే ఆయా దాకా అందరికీ ఆమె సూదక్కే. పందొమ్మిదేళ్లుగా రక్తం తీస్తోంది. ఎండిపోయిన ముసలి చెయ్యయినా, గుప్పెడంత పసిచెయ్యయినా రబ్బరు పట్టీ కట్టి, వేలికొసతో ఒక్కసారి తడిమి, నరం ఎక్కడ దాక్కుందో పట్టేసేది. రెండోసారి గుచ్చడం ఆమెకు నామోషీ. "అయిపోయిందా? ఇంకా గుచ్చలేదనుకున్నానే!" అని పేషెంట్లు నోరు తెరిచేవారు.

అలా అనేవాళ్లు ఆమె చేతికి చెయ్యి ఇచ్చినవాళ్లు. ఇవ్వనివాళ్లూ ఉండేవారు. సూదక్క రేవుజాతి మనిషి. ముత్తాతల కాలంలో ఓడలెక్కించి తెచ్చి, రేవులో బస్తాలు మోయించిన జనం వాళ్లు. బస్తాల చోట క్రేన్లు వచ్చినా ఆ పేరు మాత్రం వాళ్లను వదల్లేదు. ఒళ్లు కారునలుపు, జుట్టు దువ్వెన విరిగేటంత రింగులు. ఎక్కడ నిలబడ్డా ఎవరో తెలిసిపోతుంది. సూదక్క ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లగానే కొందరు ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవారు, అసలు మనిషి వెనకాల వస్తున్నట్టు. "ఇంకెవరూ లేరా?" అనేవారు. గొంతు పెంచేవాళ్లు తక్కువ. చాలామంది మర్యాదగానే అడిగేవారు. ఆ మర్యాదే ఆమెకు మింగుడు పడేది కాదు.

ఎవరితోనూ గొడవ పడలేదు. కోటు జేబులో అరచేతంత నోటుపుస్తకం ఒకటి పెట్టుకుంది. డ్యూటీ దిగేముందు అందులో రాసుకునేది. "మంగళవారం. మూడో వార్డు, తొమ్మిదో మంచం. ఇంకెవరూ లేరా అన్నారు. కొత్తమ్మాయి వెళ్లింది. నాలుగుసార్లు గుచ్చింది. సాయంత్రానికి చెయ్యి వాచింది." అంతే. తిట్టూ లేదు, కన్నీళ్లూ లేవు. ఇలాంటివి పదిహేడేళ్లలో తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి. ఆసుపత్రి యూనియన్ సెక్రటరీ ఒకసారి అవి చూసి, డెబ్భై పేజీల పుస్తకంగా అచ్చు వేయించాడు. 'ఇంకెవరూ లేరా' అని పేరు పెట్టాడు. మూడొందల కాపీల్లో వంద దాకా యూనియన్ సభ్యులు మొహమాటానికి తీసుకున్నారు. మిగతావి కట్టలు కట్టలుగా సూదక్క ఇంట్లో మంచం కిందికి చేరాయి. వాళ్ల అత్తగారు కాళ్లు వాచినప్పుడు రెండు కట్టలు లాక్కుని వాటి మీద పాదాలు పెట్టుకునేది.

ఆ పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినవాడు ఆమె భర్త. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. తెల్లజాతి మనిషి. పెళ్లినాడు చుట్టాలు సగం మంది మొహం చాటేసినా చెక్కుచెదరని మనిషి. చదివి వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇన్నేళ్లు నా పక్కనే కూచుని అన్నం తిని, ఒక్కమాటైనా చెప్పలేదేమే?" అన్నాడు. ఆ ఏడుపులోంచే నవల మొదలుపెట్టాడు.

"నీ కథే రాస్తున్నా. కానీ అది నువ్వు కాదు. నీకు అభ్యంతరమా?" అని అడిగాడు.

"రాసుకోండి. నాకేం పోయింది?" అంది సూదక్క, పప్పు తాలింపు వేస్తూ. ఏం పోతుందో అప్పటికి ఆమెకూ తెలీదు.

నవల పేరు 'ఆమె చేతులు'. అందులో ఒక నల్లని నర్సు. ఆమె తాకితేనే చీదరించుకునే ఒక ధనవంతుడు. ప్రాణం మీదికొచ్చిన వేళ ఆమే అతన్ని బతికిస్తుంది. కళ్లు తెరిచి అతను ఆ చేతులు కళ్లకద్దుకుని ఏడుస్తాడు. చివరి పేజీలో ఆమె నవ్వి, "నేను ఎప్పుడో క్షమించేశాను బాబూ" అంటుంది. ఏడాది తిరిగేసరికి నాలుగు ముద్రణలు. బస్సుల్లో చదివారు, ఆఫీసుల్లో చేతులు మార్చుకున్నారు. పత్రికలో రచయిత ఫోటో పక్కన భార్య ఫోటో కూడా వేశారు. ఇక దాచేదేముంది?

మొదట్లో సూదక్కకు బాగానే ఉండింది. వెనక్కి చూసేవాళ్లు తగ్గారు. "మీరేనా ఆవిడ?" అని లేచి కూచునేవారు. కొందరు దండం కూడా పెట్టారు. ఆరో వార్డు పెద్దావిడ వచ్చేదాకా ఆమెకు లెక్క అర్థం కాలేదు. ఆ పెద్దావిడ దిండు కింద నవల ఉంది. సూదక్కను చూడగానే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత బాధపడ్డావమ్మా తల్లీ! రాత్రంతా నిద్రపోలేదు నేను నీ గురించి."

"చెయ్యి ఇలా ఇవ్వండి అమ్మగారూ. ఒక్క నిమిషం."

పెద్దావిడ చెయ్యి ఇవ్వలేదు. సూదక్క చేతుల్ని మాత్రం వదల్లేదు. "ఈ చేతులకి ఇంకా శ్రమ ఎందుకమ్మా? చాలు, పడ్డది చాలు. ఆ అమ్మాయిని రమ్మను," అని అవతల ట్రే సర్దుకుంటున్న కొత్తమ్మాయి వైపు గడ్డం ఆడించింది. మాట తేనెలా ఉంది. ఫలితం మాత్రం ఎప్పటిదే.

ఆ రోజు సూదక్క నోటుపుస్తకం తీసింది కానీ ఏం రాయాలో తోచలేదు. ఇంకెవరూ లేరా అని ఎవరూ అనలేదు కదా!

ఆ కొత్తమ్మాయి అసలు కొత్తదేం కాదు, ఆరేళ్లయింది. ఆ పిల్లకు సూది పట్టుకోవడం నేర్పింది సూదక్కే. ల్యాబు ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అయినప్పుడల్లా సూదక్క అర్జీ పెట్టుకునేది. రెండుసార్లు తనకంటే చిన్నవాళ్లకు వెళ్లింది. మూడోసారి, ఆ వారమే, కొత్తమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల స్వీటు ఇవ్వడానికి వచ్చి కళ్లెత్తలేకపోయింది. సూదక్క స్వీటు తిని, ఇంటికొచ్చి, అన్యాయం జరిగిందని ఆసుపత్రి సూపరింటెండెంటుకు అర్జీ రాసింది. 'ఇంకెవరూ లేరా' కాపీ ఒకటి దానికి జతచేసింది.

సరిగ్గా అదే వారం వాళ్ల అమ్మాయి బడి నుంచి ఒక ప్రశ్న మోసుకొచ్చింది. పదహారేళ్ల పిల్ల, పదకొండో తరగతి. తల్లి జుట్టు, తండ్రి ముక్కు, ఇద్దరికీ చెందని మధ్యరంగు. కబుర్లకు అంతుండదు కాబట్టి ఇంట్లో పిచ్చుక అనేవారు.

"జాతి వివక్ష గురించి ఇద్దరు రచయితలు పాఠకుల్ని ఎలా ఒప్పిస్తారో పోల్చి రాయండి," అని పిచ్చుక అన్నం దగ్గర చదివి వినిపించింది. "మా టీచరు ఏమందో తెలుసా? మీ ఇంట్లోనే ఇద్దరూ ఉంటే నీకు లైబ్రరీ ఎందుకే అంది. క్లాసంతటికీ మీ పుస్తకాలే ఇచ్చింది. నలభై మంది చదువుతున్నారు."

"అమ్మది కూడానా?" అన్నాడు తండ్రి సంతోషంగా.

"మంచం కింది కట్ట ఒకటి విప్పా. నానమ్మ కాళ్లు కాస్త కిందికి దిగాయి."

"అందుకా మోకాలు లాగుతోందీ," అంది అత్తగారు.

పిచ్చుక పెన్ను తీసింది. "నాన్నా, నువ్వు ఎవర్ని ఒప్పిద్దామని రాశావు?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. ఈ ప్రశ్న సభల్లో చాలాసార్లు విన్నదే. "మీ అమ్మని చూసి మొహం తిప్పుకున్నవాళ్లని. తిడితే మనిషి తలుపేసుకుంటాడు తల్లీ. మెల్లిగా లోపలికెళ్లి, కూచుని, వాడి మనసు కరిగించాలి."

"అందుకే చివర్లో క్షమించేసిందా?"

"క్షమించకపోతే పుస్తకం మూసేసరికి వాడు దోషిగానే మిగిలిపోతాడు. దోషిగా మిగలడానికి ఎవడు చదువుతాడు చెప్పు?"

"నాకైతే ఏడుపాగలేదు నాయనా. మూడుసార్లు చదివా," అంది అత్తగారు. "ఆ పిల్ల రోజూ అత్తగారికి కాళ్లు పడుతుంది కూడాను." అని కోడలి వైపు ఓరగా చూసింది.

"ఆ పిల్లకి షిఫ్టుల్లేవు అత్తయ్యా. ఏ పేజీలోనూ బస్సు కోసం నిలబడదు," అంది సూదక్క.

అందరూ నవ్వారు, అత్తగారితో సహా. నవ్వు ఆగాక పిచ్చుక తల్లి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నువ్వెలా ఒప్పించావు?"

"నేనెవర్నీ ఒప్పించలేదే. మర్చిపోతానేమోనని రాసుకున్నా."

"మర్చిపోతే ఏమవుతుంది?"

సూదక్క గ్లాసు అందుకుంది. నీళ్లు తాగింది. "మర్చిపోతే వాళ్లదే నిజమనిపిస్తుంది. నా చెయ్యి మంచిది కాదేమో, అందుకే వద్దంటున్నారేమో అని. లెక్క ఉంటే అలా అనిపించదు. నేను ఒక్కసారి గుచ్చా, వాళ్లు నాలుగుసార్లు గుచ్చారు. అది రాసుంది కదా."

పిచ్చుక రాసుకుంది. పక్కనే తండ్రి కూడా జేబులోంచి కాగితం తీసి ఏదో గీకుతున్నాడని సూదక్క గమనించింది.

వారం తిరక్కుండానే సూపరింటెండెంటు నుంచి పిలుపొచ్చింది. విచారణ గది రెండో అంతస్తులో, కిటికీల్లేని గది. ఫ్యాను తిరుగుతున్నంత సేపూ ఒక రెక్క టకటకమంటోంది. బల్లకు అవతల ముగ్గురు: సూపరింటెండెంటు, ల్యాబు పెద్ద డాక్టరు, సిబ్బంది అధికారిణి. బల్ల మీద ఆమె అర్జీ ఉంది. దాని మీద బరువుగా 'ఆమె చేతులు' నాలుగో ముద్రణ ఉంది.

"ముందు మా ఆవిడ కోసం ఒక సంతకం పెట్టండమ్మా," అన్నాడు సూపరింటెండెంటు పుస్తకం ముందుకు తోసి. "మీ ఆయనది తర్వాత పెట్టించుకుంటాం లెండి."

"అది నేను రాయలేదండీ."

"రాసింది ఆయనైనా బతికింది మీరు కదా!"

సూదక్క సంతకం పెట్టింది. పెట్టకుండా ఎలా ఉండాలో తెలీలేదు.

"చివరి పేజీ నేను మా మీటింగులో చదివి వినిపించానమ్మా," అన్నాడాయన. "అంతటి క్షమాగుణం! అలాంటి మీరు ఒక చిన్న పదవి కోసం అర్జీ పెట్టారంటే మేం నమ్మలేకపోయాం."

"అది నవలండీ. నేనెవర్నీ క్షమించలేదు."

ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు. చిన్నపిల్ల ముద్దుమాట విన్నట్టు నవ్వారు. "ఈ వినయమే మీకు అందం," అంది సిబ్బంది అధికారిణి.

"నా పుస్తకం జతచేశానండీ. డెబ్భై పేజీలు. తేదీలతో ఉంది."

పెద్ద డాక్టరు ఆ పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. మొహం చిట్లించాడు. "ఇందులో కోపం ఉందమ్మా."

"ఎక్కడండీ?"

ఆయన వెతికాడు. అటూ ఇటూ తిప్పాడు. దొరకలేదు. "కనిపించదు. అదే వచ్చిన చిక్కు," అని మూసేశాడు.

చివరికి తేల్చింది ఏమిటంటే, సూదక్క లాంటి మనిషి వెనకాల ల్యాబులో ఉండటమే అసలైన అన్యాయం. గేటు దగ్గర కొత్తగా కట్టిన అద్దాల స్వాగత కేంద్రానికి ఆమెను ఇన్‌ఛార్జి చేస్తున్నారు. పోస్టరు కూడా వేస్తారు. ఇన్‌ఛార్జి అనే మాట అడిగింది ఆమే కదా! జీతం అదే, కుర్చీ మెత్తది, నిలబడే పని లేదు.

"సూది?" అంది సూదక్క.

"మీకింకా ఆ బాధేంటమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు ప్రేమగా. అచ్చం ఆరో వార్డు పెద్దావిడ గొంతు.

సూదక్క లేచి మెట్లు దిగింది. తిట్టి ఉంటే తిరగబడేది. తోసేసి ఉంటే యూనియన్ దగ్గరికి పరిగెత్తేది. ఇంత గౌరవంగా గెంటేస్తే ఎవరికి చెప్పుకోవాలి? యూనియన్ సెక్రటరీ కూడా అదే అన్నాడు. "పైకి పంపినట్టుందక్కా కాగితం మీద. దీని మీద పోరాడితే మనల్నే నవ్వుతారు."

ఇంట్లో అత్తగారు, "పోనీలే, కూచునే ఉద్యోగం," అని సంబరపడింది. భర్త మాత్రం సంగతంతా విన్నాడు. ఆయన కళ్లు తడిశాయి. తర్వాత ఆ కళ్లలోకి ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు సూదక్కకు బాగా తెలుసు.

"ఇది రాయాలి," అన్నాడు. "గౌరవం పేరుతో మనిషిని తీసుకెళ్లి అద్దాల గదిలో కూచోబెట్టడం! ఎంత గొప్ప సన్నివేశమో చూశావా?"

"ఏమండీ, నేనింకా అందులోనే ఉన్నాను."

ఆయన చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది. చెంపదెబ్బ తిన్నట్టయ్యాడు. మంచి మనిషి కాబట్టే అలా అయ్యాడు. ఆ మంచితనాన్ని చూసి ఆమెకు ఊపిరాడలేదు. కోపం తెచ్చుకుందామన్నా చోటివ్వడు కదా.

"నన్నేం చెయ్యమంటావో చెప్పు," అన్నాడు.

"ఆ చివరి పేజీ మీరు కల్పించిందని చెప్పండి. అందరి ముందూ."

ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో పాఠకుల సభ. ముందువరసలో సూదక్క, పిచ్చుక. ఎవరో కాలేజీ కుర్రాడు చివరి పేజీ గురించి అడగ్గానే ఆయన మైకు దగ్గరికి జరిగాడు. "అది నేను కల్పించింది. మా ఆవిడ ఎవర్నీ క్షమించలేదు. క్షమించావా అని నేను అడగను కూడా లేదు. నాకు ఆ ముగింపు కావాలి, రాసుకున్నాను," అన్నాడు. సూదక్క వెనక్కి తిరిగి హాలంతా చూసింది. ఇప్పుడు, ఇప్పుడైనా ఎవరో లేచి అడుగుతారనుకుంది.

చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఒక మూల, తర్వాత హాలంతా. లేచి నిలబడి కొట్టారు. "ఎంత నిజాయితీ!" అన్నారు. బయటికి వస్తుంటే ఇద్దరు ఆడవాళ్లు సూదక్క చేతులు పట్టుకుని, "ఇలాంటి భర్త దొరకడం నీ అదృష్టమమ్మా," అన్నారు. ఆయన తలదించుకుని నడిచాడు.

పిచ్చుక వ్యాసం ఆ మర్నాడు సూదక్క చదివింది. ఆ పిల్ల ఊరికే పోల్చలేదు, క్లాసులో నలభై మందినీ అడిగింది. నాన్న పుస్తకం చదివి ముప్పై ఒక్కమంది ఏడ్చారు. చదివాక ఏం చేస్తారంటే, చేయడానికి ఏముంది, ఆమె క్షమించేసింది కదా అన్నారు. అమ్మ పుస్తకం సగం మందికి విసుగొచ్చింది. ఆరుగురికి ఒళ్లు మండింది. ఒకమ్మాయి మాత్రం మూడో వార్డు, తొమ్మిదో మంచం దగ్గర ఆగిపోయింది. అది వాళ్ల తాతయ్య. చెయ్యి వాచి ఇంటికి రావడం ఆ పిల్లకు గుర్తుంది. ఇంటికెళ్లి అడిగిందట, తాతయ్య చెయ్యి చేసుకున్నాడట. అప్పటి నుంచి ఆ అమ్మాయి పిచ్చుకతో మాట్లాడటం లేదు. "నాన్న పాఠకుల్ని ఓదారుస్తాడు. అమ్మ పాఠకుల్ని పట్టుకుంటుంది. పట్టుబడ్డవాళ్లకి నచ్చదు. కానీ వాళ్లే ఇంటికెళ్లి ప్రశ్న వేశారు," అని రాసింది.

ఆ మాటల మీద అడ్డంగా ఒక గీత ఉంది. కింద పిచ్చుక చేతిరాతతోనే వేరే ముగింపు: ఇద్దరు రచయితలూ సమాజానికి రెండు కళ్లు.

"ఇదేంటే?"

"టీచరు మార్చమంది. లేకపోతే మార్కులు తగ్గుతాయంది. ఒకళ్లని తక్కువ చేసినట్టుందట," అంది పిచ్చుక గోడవైపు చూస్తూ. "మార్చిందే ఇవ్వనా, పాతదే ఉంచనా అమ్మా?"

ఉంచు అనే మాట సూదక్క నాలిక చివరి దాకా వచ్చింది. ఆ మాట అనే హక్కు తనకెక్కడిది? రేపు పొద్దున్నే ఇస్త్రీ కోటు వేసుకుని అద్దాల గదిలో కూచోబోయేది తనే. "నీ ఇష్టం," అంది. పిల్ల గీత కొట్టిన కాగితమే పట్టుకెళ్లింది.

స్వాగత కేంద్రం మూడు వైపులా అద్దం. నాలుగో వైపు నిలువెత్తు పోస్టరు, అందులో సూదక్క నవ్వుతూ రెండు చేతులూ చాపి ఉంది. ఎవరైనా ముందు పోస్టరు చూసి, తర్వాత ఆమెను చూసి, పోలిక కుదిరాక చేతులు పట్టుకునేవారు. పగలంతా అదే పని. వేళ్లు మొద్దుబారుతున్నాయని ఆమెకు భయం పట్టుకుంది. ఎవరూ లేనప్పుడు తన మోచేతి మీదే నరం తడిమి చూసుకునేది.

మూడోవారం, మధ్యాహ్నం, బల్ల మీద ఫోను మోగింది. అవతల కొత్తమ్మాయి. "అక్కా, పిల్లల వార్డులో పది నెలల పాప. వాంతులయ్యి ఒళ్లు ఎండిపోయింది. ముగ్గురం గుచ్చాం. నరం దొరకట్లేదు. ఒక్కసారి రా అక్కా, నీకు దండం పెడతా."

సూదక్క మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పాప ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతోంది. గోరువెచ్చని గుడ్డ చేతికి చుట్టి, నిమిషం ఆగి, మణికట్టు వెనక తడిమింది. వేళ్లు ఏమీ మర్చిపోలేదు. ఒక్కసారే. ట్యూబులో ఎర్రటి చుక్కలు దిగుతుంటే కొత్తమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది.

రిజిస్టరులో రక్తం తీసినవారి పేరు రాయాలి. కొత్తమ్మాయి తన పేరు రాయబోయింది. "నాదివ్వు," అంది సూదక్క.

"నీకిప్పుడు ల్యాబు డ్యూటీ లేదక్కా. పట్టుకుంటారు."

"తీసింది నేను."

ఆమె పెన్ను తీసుకుని తన పేరు రాసింది. మర్నాడు మెమో వచ్చింది: అధికారం లేకుండా పేషెంటును తాకినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. ఇంట్లో భర్త కాగితం చూసి, "నేను రాయనా? చదివితే కళ్లనీళ్లు పెట్టుకునేలా..." అని సగంలో ఆగి, పెన్ను ఆమెకే ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఆమె నాలుగు వాక్యాలు రాసింది. కింద సాక్షి సంతకానికి చోటు వదిలి, ల్యాబుకు వెళ్లింది.

కొత్తమ్మాయి చదివి ఏడ్చింది. సూదక్క చేతులు పట్టుకుంది. "నాకు భయమేస్తోందక్కా. ఇన్‌ఛార్జి అయ్యి రెండు నెలలు కాలేదు. నేనే పిలిచానంటే నా పని అయిపోతుంది."

సూదక్క చేతులు వెనక్కి తీసుకుంది. "ఏడవకే. ఏడిస్తే నీకు తేలికవుతుంది, నాకు కాదు. సంతకం పెడితే పెట్టు, లేకపోతే లేదు."

ఆ పిల్ల పెట్టలేదు. సూదక్క ఒక్కతే సంతకం చేసి ఇచ్చేసింది. సంజాయిషీ మీద ఏ ఉత్తర్వూ రాలేదు. పోస్టరులో ఉన్న మనిషిని శిక్షించలేరు, ల్యాబుకు తిరిగి పంపనూ లేరు. మళ్లీ అద్దాల గది, మళ్లీ చేతులు పట్టుకునేవాళ్లు.

పది రోజుల తర్వాత ఫోను మళ్లీ మోగింది. ఈసారి డయాలిసిస్ ముసలాయన. రెండు చేతుల నరాలూ గట్టిపడిపోయాయి. సూదక్క వెళ్లింది. ఆయన పోస్టరు చూడలేదు, నవల చదవలేదు, కళ్లు సరిగా ఆనవు. "ఎవరమ్మా?" అన్నాడు. "రక్తం తీసేదాన్నండీ," అంది. ఆయన చెయ్యి చాపాడు.

పని అయ్యాక రిజిస్టరు ముందుకు లాక్కుంది. కొత్తమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. సూదక్క పేరు రాయడం పూర్తయ్యేదాకా ఆగి, పెన్ను అందుకుంది. ఆ పేరు కింద "నేనే పిలిచాను" అని రాసి సంతకం చేసింది.

"ఈసారి మెమో ఇద్దరికీ వస్తుందేమో అక్కా," అంది పాలిపోయిన మొహంతో.

"వస్తుంది," అంది సూదక్క. ఇంకేమీ అనలేదు. అంటే ఆ పిల్ల మళ్లీ ఏడుస్తుందని భయం.

కిందికి దిగేసరికి అద్దాల గది ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందున్నాయన చంకలో నవల ఉంది. మరో చేతిలో మందుల చీటీ. ఆమెను చూడగానే ఆయన మొహం విప్పారింది, చేతులు ముందుకొచ్చాయి. సూదక్క ఆ చేతుల్లోంచి చీటీ ఒక్కటే తీసుకుని చదివింది.

"రక్తపరీక్ష పై అంతస్తులో. కుడివైపు రెండో గది. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అంది.

"లేదమ్మా. కానీ ముందు మీతో ఒక్క మాట..."

"ఇంకో పావుగంటలో మూసేస్తారు. ముందు వెళ్లిరండి," అని, ఆయన వెనకాల మనిషి చీటీ కోసం చెయ్యి చాపింది.